గుర్రపు గింజ దిగ్విజయం

2024 సెప్టెంబరులో నేనూ మా శ్రీమతీ ఇంగ్లండులో లెస్టరు నగరానికి, మా అమ్మాయి ఇంటికి వెళ్ళి నెల్లాళ్ళు ఉండి వచ్చాము. సాయంకాలం మనవణ్ణి బడి నుంచి తీసుకురావడం నా ఉద్యోగం. (పదవీవిరమణ తరువాత మనిషికి దొరికే ఉద్యోగాలలో ఇంతకన్న ఉత్తమమైనది లేదు.) బడికీ ఇంటికీ నడుమ ఒక ఉద్యానవనం ఉంది. అందులో పెద్ద పెద్ద చెట్ల కింద, ముళ్ళున్న పచ్చని కాయలు పగిలి, నిగనిగలాడే గోధుమరంగు గింజలు రాలి ఉండేవి. మన కుంకుడుగింజను నాలుగింతలు చేసి, నలుపు తీసేసి, కొత్త బీరువాకు వేసే వార్నిషు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. తొమ్మిదేళ్ళ మా మనవడు రోజూ జేబుల నిండా వాటిని నింపుకొని వచ్చేవాడు.

మా శ్రీమతి వాటిని చూసి, ఉడకబెడితే పనసపిక్కల్లా ఉంటాయేమో అన్నది. వాడు పకపకా నవ్వి, "అమ్మమ్మా, అది తినకూడదు, విషం!" అన్నాడు. తరువాత ఒక గింజను తీసి నా ముందు వేలాడదీశాడు. దానికి నడిమధ్య బెజ్జం వేసి, బూటుతాడు గుచ్చి, కింద ముడి వేశాడు. "తాతయ్యా, ఇది పద్నాలుగు."

"పద్నాలుగేమిట్రా?"

"దీని లెక్క. పద్నాలుగు గెలిచింది."

"ఎవరు లెక్కపెట్టారు?"

"నేనే."

"సాక్షి ఎవరు?"

'సాక్షి' అనే మాట వాడికి తెలియదు. అర్థం విడమరచి చెప్పాను. చెప్పిన తరువాత కూడా, అటువంటి మనిషి ఈ ఆటలో ఎందుకో వాడికి బోధపడలేదు. నా ముఖంలోకి చూసి, గింజను జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మొదలుపెట్టి నాకు దొరికినంత మేరకు ఆ గింజ చరిత్ర చదివాను. ఈ వ్యాసం దాని ఫలం.

ఆట పేరు కాంకర్స్. ఇద్దరు ఆడతారు. ఒకరు తన గింజను తాడుకు వేలాడదీసి కదలకుండా పట్టుకోవాలి. రెండవవారు తమ గింజతో దాన్ని కొట్టాలి. తరువాత వంతు మారుతుంది. ఏది పగిలి తాడునుంచి ఊడిపోతే అది ఓడినట్లు. ఇంతే. పందెం లేదు, ఖర్చు లేదు, ఆటబొమ్మ చెట్టు కిందే దొరుకుతుంది.

ఆ చెట్టు పేరు హార్స్ చెస్ట్‌నట్. ఆన్ ఫ్రాంక్ దినచర్య చదివినవారికి ఇది పరిచయమే. ఆమ్‌స్టర్‌డాములో ఆ బాలిక దాగి ఉన్న ఇంటి అటక కిటికీలోంచి కనిపించిన చెట్టు ఈ జాతిదే. అది 2010 ఆగస్టులో గాలికి కూలిపోయింది. ఇంగ్లండు పల్లెల చిత్రాలలో ఈ చెట్టును చూసి చూసి, అది అక్కడి నేలలో పుట్టినదే అనుకొంటాము. కానే కాదు. దాని పుట్టిల్లు గ్రీసు, అల్బేనియా, మాసిడోనియా ప్రాంతాల కొండలు. తురుష్కుల ఏలుబడిలోని కాన్‌స్టాంటినోపుల్ మీదుగా 1576లో దాని గింజలు వియన్నా నగరం చేరాయి. అక్కడినుంచి పడమటి దేశాలకు పాకాయి. ఇంగ్లండుకు అది వలస వచ్చినది 16వ శతాబ్ది చివర, 17వ శతాబ్ది ఆరంభ కాలంలో. 1699లో లండను సమీపాన బుషీ పార్కులో క్రిస్టఫర్ రెన్ ఈ చెట్లతో ఒక సాలును నాటించాడు. ఆ రాచబాట నేటికీ ప్రసిద్ధం. దగ్గుతో ఆయాసపడే గుర్రాలకు తురుష్కులు ఈ గింజ పెట్టేవారట, అందువల్ల పేరులో గుర్రం చేరిందంటారు. ఆకు రాలినచోట కొమ్మ మీద పడే మచ్చ గుర్రపు లాడాన్ని పోలి ఉంటుంది, మేకుల గుర్తులతో సహా. మన హిమాలయాలలో, కాశ్మీరు నుంచి నేపాలు దాకా, దీనికి దాయాది ఒకటి ఉంది. దాని శాస్త్రనామంలోనే 'ఇండికా' ఉంది. అక్కడి కొండవారు ఆ గింజలను దంచి, పదే పదే నీట నానబెట్టి, చేదు విరిచి, పిండి చేసుకొని కరువుకాలంలో తినేవారు.

ఇక ఆటకు 'కాంకరు' అన్న పేరు సంగతి. తెలుగు పండితుణ్ణి కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను, క్షమించాలి. జయించడమనే అర్థంగల ఇంగ్లీషు మాటనుంచి వచ్చిందని ఎవరైనా మొదట అనుకొంటారు. ఆ మాట ప్రభావం తరువాత పడివుండవచ్చు. కాని ఇంగ్లండు మాండలికాలలో 'కాంకరు' అంటే మొదట నత్తగుల్ల. ఈ గింజ రాకముందు పిల్లలు ఈ ఆటను నత్తగుల్లలతో ఆడేవారు. రెండు గుల్లల కొనలు ఎదురెదురుగా పెట్టి, ఒకటి చితికేదాకా నొక్కేవారు. 1813లో ఆస్థానకవి పదవి పొందిన రాబర్ట్ సదే తన బాల్యస్మృతులలో ఈ గుల్లల ఆటను వర్ణించాడు. గెలిచిన గుల్లకు లెక్క పెరగడం అప్పటికే ఉంది. నత్తగుల్లను చెప్పే ఆ మాటకు మూలం, గ్రీకు నుంచి లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు వచ్చిన 'కాంక్' అని నిఘంటుకారుల ఊహ. ఆ గ్రీకు పదమూ మన 'శంఖమూ' జ్ఞాతులని భాషాశాస్త్రజ్ఞుల మాట. అనగా లెస్టరులో మా మనవడి బూటుతాడుకు వేలాడుతున్నది, ఆ ఊహే నిజమైతే, పాంచజన్యానికి దూరపు చుట్టం! ఈ సంగతి వాడికి చెబితే, "అయితే ఊదొచ్చా?" అని అడిగాడు.

నత్తగుల్ల పోయి హార్స్ చెస్ట్‌నట్ వచ్చినట్లు తెలిపే తొలి ఆధారం 1848 నాటిది, వైట్ ద్వీపంలోది. అంటే చెట్టు వచ్చిన రెండు శతాబ్దాలకు పైగా దాని గింజలు ఊరికే రాలిపోయాయన్నమాట. పిల్లలు తలచుకొంటే ఎంతసేపు? కాని తలచుకోవడానికి అంతకాలం పట్టింది.

అసలు రసమంతా లెక్కలో ఉంది. కొత్త గింజకు విలువ సున్న. అది మరొక కొత్త గింజను పగలగొడితే 'ఒకటి' అవుతుంది. ఇక్కడే ఉన్నది మెలిక. ఓడిన గింజకు అంతకుముందు ఉన్న లెక్క కూడా గెలిచినదానికి కలుస్తుంది. అయిదు లెక్కగల గింజ మూడు లెక్కగల గింజను పగలగొట్టిందనుకోండి. అయిదు, మూడు, ఈ విజయానికి ఒకటి, వెరసి తొమ్మిది. ఓడిన రాజు సామంతులందరూ గెలిచిన రాజుకు దఖలు పడినట్లు. గుర్రం పేరున్న గింజకు ఈ దిగ్విజయ యాత్ర ఏమిటి, మన అశ్వమేధం గుర్తుకు రావడం లేదూ!

అయితే ఈ లెక్కను రాసేవారెవ్వరూ లేరు. చిట్టా లేదు, ఆవర్జా లేదు. గింజ మీద అంకె చెక్కి ఉండదు. ఎదుటి పిల్లవాడు "నాది తొమ్మిది" అంటే తొమ్మిదే. మీరు గెలిస్తే ఆ తొమ్మిదీ మీకు కలుస్తుంది, వాడు అబద్ధమాడినా సరే. అప్పుడు ఆ అబద్ధాన్ని నిజంగా మోయవలసినవారు మీరు. పిల్లల ఆటపాటల కోసం ఇంగ్లండంతా గాలించిన అయోనా, పీటర్ ఓపీ దంపతులు 1969లో వెలువరించిన గ్రంథంలో ఈ ఆటకు చోటు ఉంది. పిల్లల కట్టుబాట్లు ప్రాంతానికొక తీరు. తాళ్ళు చిక్కుపడితే ముందుగా అరిచినవాడికి అదనంగా ఒక దెబ్బ. గింజ నేల మీద పడితే దాన్ని తొక్కి నలిపేయవచ్చు, దాని యజమాని అంతకు ముందే "నో స్టాంప్స్" అని కేక పెట్టకపోతే. మన పిల్లల 'తూచ్' వంటిది. ఎంత బలాఢ్యుడైనా ఆ కేక విన్న తరువాత కాలు వెనక్కు తీసుకోవలసిందే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1986 ప్రాంతంలో నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. ఏడవ తరగతి పిల్లవాడొకడు పద్యపాఠం జరుగుతూ ఉండగా బల్లకింద బొంగరాన్ని తిప్పిచూసుకొంటున్నాడు. పట్టుకొన్నాను. "దీనితో పదకొండు బొంగరాలు చీల్చానండి మాస్టారూ" అన్నాడు, భయంతో కాదు, నాకు కూడా ఆ సంగతి తెలియాలన్నట్లు. చూసినవాళ్ళుంటే నిలబడమన్నాను. ఎవరూ లేవలేదు. అబద్ధాలకోరు అని తరగతి ముందు అన్నాను. బొంగరం ఉపాధ్యాయుల గదిలోని బీరువాలో వేశాను. ఏడాది చివర ఇద్దామనుకొన్నాను. ఈలోపల బదిలీ వచ్చింది. మేకు అరిగి వంగిన ఆ బొంగరం అక్కడే ఉండిపోయింది. పదకొండు చీల్చని బొంగరపు మేకు అలా అరగదని అప్పుడు నాకు తోచలేదు.

అది అలా ఉంచి చరిత్రలోకి వస్తాను. ఈ గింజ చరిత్రలో పిల్లల చేతులలోంచి పెద్దల చేతులలోకి పోయిన సంవత్సరం ఒకటి ఉంది. 1917.

ఫిరంగిగుండును గొట్టంలోంచి తరిమే పొగలేని మందుకు కార్డైట్ అని పేరు. దాని తయారీకి అసిటోన్ అనే ద్రావకం కావాలి. యుద్ధానికి పూర్వం అసిటోనును కట్టెను బట్టీపెట్టి తీసేవారు. బ్రిటనుకు అది చాలావరకు అట్లాంటిక్ ఆవలినుంచి రావలసిందే. 1915లో ఫిరంగిగుండ్ల కొరత ప్రభుత్వాన్నే కుదిపివేసింది. మాంచెస్టరు విశ్వవిద్యాలయంలోని రసాయన శాస్త్రవేత్త కైమ్ వైజ్‌మన్ (1949లో ఇజ్రాయిల్ తొలి అధ్యక్షుడైనది ఈయనే) పిండిపదార్థాన్ని సూక్ష్మజీవులతో పులియబెట్టి అసిటోన్ తీసే పద్ధతి కనిపెట్టాడు. మొదట మొక్కజొన్న వాడారు. 1917 నాటికి జర్మను జలాంతర్గాములు ధాన్యపు ఓడలను ముంచుతున్నాయి. జనం తినే గింజను మందుగుండుకు పోయడం కష్టమైంది. పిండి ఉండి, మనిషి తినలేని గింజ ఏదైనా ఉన్నదా? ఉన్నది. పిల్లల జేబులలో ఉన్నది.

ఆ శరదృతువులో ఆయుధ మంత్రిత్వశాఖ తరఫున బడులకు ప్రకటనలు వెళ్ళాయి. హార్స్ చెస్ట్‌నట్ గింజలు ఏరండి, ఇది యుద్ధసేవ, అత్యవసరం అని. హండ్రెడ్‌వెయిట్‌కు, అంటే మన లెక్కలో ఇంచుమించు 51 కిలోలకు, 7 షిల్లింగుల 6 పెన్నీలు. పిల్లలు ఏరారు. బస్తాలకు బస్తాలు ఏరారు. ఎందుకని మాత్రం వారికి చెప్పలేదు. శత్రువు కూడా ఆ పద్ధతిని అనుకరిస్తాడని భయం. యుద్ధంలో అది న్యాయమైన భయమే కావచ్చు. కాని ఆ ప్రకటనను తరగతి గది గోడకు అంటించినవాడు నావంటి ఒక ఉపాధ్యాయుడే కదా. ఏ పిల్లవాడో లేచి "ఎందుకండీ?" అని అడిగితే ఆయన ఏమి చెప్పి ఉంటాడు? ఆయనకూ తెలియదు. ఆ పిల్లల అన్నలు ఎందరో అప్పుడు ఫ్లాండర్సు బురదలో ఉన్నారు.

తరువాత జరిగింది మరీ చేదు. మూడువేల టన్నుల గింజలు నార్ఫోకులోని కింగ్స్ లిన్ కర్మాగారం చేరాయి. బండ్లు లేక, రైళ్ళు చాలక, మరెన్నో గింజలు రైలుస్టేషన్లలోనే కుప్పలుపడి కుళ్ళాయి. పత్రికలకు ఫిర్యాదు ఉత్తరాలు వెళ్ళాయి. 1918 ఏప్రిల్‌లో కర్మాగారంలో ఉత్పత్తి మొదలైంది. గింజ అనుకొన్నంత మంచి సరుకు కాదని తేలింది. జూలైలో పని ఆగిపోయింది. ఒక దేశపు పిల్లలు ఒక ఋతువు ఆటను ఇచ్చివేసిన ఫలం మూడు నాలుగు నెలల అరకొర ఉత్పత్తి.

యుద్ధాల తరువాత గింజ మళ్ళీ పిల్లల దగ్గరికి వచ్చింది. పెద్దలూ దాని వెంట వచ్చారు, ఈసారి కొంత నయంగా. 1965లో నార్తాంప్టన్‌షైర్‌లోని ఆష్టన్ అనే చిన్న పల్లెలో కొందరు మిత్రులు చేపలవేటకు పోదామనుకొన్నారు. వాతావరణం సహకరించలేదు. మద్యశాలలో కూర్చుని ఏమీ తోచక కాంకర్స్ ఆడారు. కొంత చందా పోగైతే అంధుల సహాయానికి ఇచ్చారు. ఏటేటా అక్టోబరు రెండవ ఆదివారం జరిగే ప్రపంచ కాంకర్స్ పోటీలకు పుట్టుక అదే. 1976లో ఒక మెక్సికో దేశస్థుడు గెలిచి, బ్రిటిషువాడు కాని తొలి విజేత అయ్యాడు. 1988 నుంచి స్త్రీలకు వేరుగా పోటీ ఉంది. 2013 నుంచి వేదిక దగ్గరలోని సౌత్‌విక్ గ్రామం. ఇంతవరకు అంధుల సంస్థలకు నాలుగు లక్షల పౌండ్లకు పైగా సమకూర్చారు. చేపలు పడని దినానికి ఇది మంచి దిగుబడే.

ఈ పోటీలో గింజలూ తాళ్ళూ నిర్వాహకులే ఇస్తారు. సొంత గింజ తేకూడదు. వంతుకు మూడు దెబ్బలు. పిడికిటికీ గింజకూ నడుమ కనీసం 8 అంగుళాల తాడు. మూడుసార్లు చిక్కువేస్తే ఔట్. సొంత గింజ ఎందుకు వద్దంటే, గింజను గట్టిపరచే విద్యలు ఇంగ్లండులో ప్రతి ఇంటికొకటి ఉన్నాయి. పొయ్యిలో కాల్చడం, వినిగరులో నానబెట్టడం, ఏడాదిపాటు చీకటి సొరుగులో ఎండబెట్టడం. సంక్రాంతికి మన హైదరాబాదు కుర్రాళ్ళు గాజుపొడితో మాంజా తీయడం చూసినవారికి ఈ ప్రపంచం కొత్తగా అనిపించదు. హాస్యనటుడు మైకేల్ పాలిన్‌ను 1993లో వైట్ ద్వీపంలో ఒక పోటీనుంచి తొలగించారు. నేరం: గింజను వినిగరులో నానబెట్టి కాల్చడం.

ఆ పోటీ చూడాలని నాకెంతో కోరికగా ఉండేది. తిరుగు ప్రయాణం తేదీ ముందే ఖాయమైంది. 2024 పోటీ వార్తలు హైదరాబాదులో చదువుకొన్నాను. ఆ ఏడాది పురుషుల విభాగంలో డేవిడ్ జేకిన్స్ అనే 82 ఏళ్ళ పెద్దమనిషి గెలిచాడు. 1977 నుంచి ఆడుతూ మొదటిసారి గెలుపు! అంతలో ఆయన జేబులో గింజ రంగు వేసిన ఒక ఉక్కుగింజ దొరికింది. పైగా ఇతరుల గింజలకు బెజ్జాలు వేసి తాళ్ళు గుచ్చిన న్యాయనిర్ణేతలలో ఆయన ఒకరు. అంతిమ పోటీలో తన గింజ ఒక్క దెబ్బకే పగిలిందని ప్రత్యర్థి అనుమానపడ్డాడు. దేశదేశాల పత్రికలు ఎగబడ్డాయి. అది నవ్వులాటకు పెట్టుకొన్నదనీ, ఆటలో వాడలేదనీ ఆయన చెప్పాడు. నిర్వాహకులు విచారించి నిర్దోషి అని తేల్చారు. స్త్రీల విజేత, అమెరికా యువతి కెల్సీ బాన్ష్‌బాక్ చేతిలో చివరి ఆటలో ఆయన ఓడిపోయాడు కదా, ఉక్కుగింజ వాడినవాడు ఓడతాడా అని నా బోటివాడి తర్కం. అయినా ఆ వృద్ధుని తలచుకొంటే నాకు బాధగా ఉంటుంది. నలభయ్యేడేళ్ళు ఎదురుచూసిన గెలుపు, వచ్చిన పూటే విచారణ పాలైంది.

పెద్దల భయాలు మరికొన్ని. 2004లో కంబ్రియా ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఈ ఆట ఆడే పిల్లలు కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలన్నారు. ఆ తరువాత కొన్ని బడులలో ఆటే నిషిద్ధమైంది. ప్రభుత్వ భద్రతాశాఖ అటువంటి చట్టమేదీ లేదని, ఈ ఆటలో ప్రమాదం పట్టించుకోదగినంతది కాదని చెప్పవలసి వచ్చింది. 2008లో వృత్తిభద్రతా నిపుణుల సంస్థ తానే ప్రపంచ పోటీలకు ప్రాయోజకత్వం వహించింది.

అసలు ప్రమాదం చెట్టుకు. ఆకు లోపలి పొరలను తొలిచే ఒక చిన్న చిమ్మట 1980లలో మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు వద్ద శాస్త్రజ్ఞుల కంటపడింది. చెట్టు పుట్టింటివైపునుంచే వచ్చిన శత్రువు. అది యూరపు అంతా పాకి 2002లో లండనులోని వింబుల్డన్ చేరింది. లెస్టరు ఉద్యానవనంలో సెప్టెంబరు మొదట్లోనే ఆకులు అట్టల్లా ఎండి ఉండడం చూసి, శరత్తు తొందరగా వచ్చిందనుకొన్నాను. కాదు, అది ఈ పురుగు పని. చెట్టు చావదు కాని గింజ చిన్నదైపోతుంది. 2019లో యూరపు చెట్ల ఎర్రజాబితాలో ఈ జాతిని ఆపదకు లోనైనదిగా చేర్చారు.

ప్రయాణానికి ముందురోజు సాయంకాలం మా మనవడు నాకొక గింజ గుచ్చి ఇచ్చాడు. ఆ పార్కులోనే ఆడాము. మొదటి వంతులో నా గింజ వాడి గింజకు తగలనే లేదు, నా మోకాలికి తగిలింది. రెండవ వంతులో తగిలింది. మూడవ వంతులో వాడి పద్నాలుగు రెండు ముక్కలై గడ్డిలో పడింది. వాడు ఏడుస్తాడేమోనని మా అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది. వాడు ముక్కలవైపు కాసేపు చూసి, "తాతయ్యా, నీది పదిహేను" అన్నాడు. ఆ గింజను వాడి గది కిటికీలో పెట్టి వచ్చాను.

2025 సెప్టెంబరులో వాడు ఫోను చేశాడు. పదిహేను బాగా ఎండి రాయిలా అయిందట, ఆడించనా అని అడిగాడు. ఆడించమన్నాను. మరునాడు మళ్ళీ ఫోను. మొదటి దెబ్బకే పగిలిందట. ఎవరో పిల్లవాడిది, మూడు లెక్కగల గింజ.

"ఇది మా తాతయ్యది, పదిహేను అని చెప్పాను. వాడు కలుపుకొన్నాడు. వాడిది ఇప్పుడు పంతొమ్మిది."

ఆ పిల్లవాడు సాక్షి ఎవరని అడిగాడా అని నేను అడగలేదు.